మా ఇల్లు తీసుకుని కంపెనీకి ఇవ్వొచ్చా? కోనసీమ నుంచి వచ్చిన ప్రశ్నకి జవాబు

మీ ప్రశ్న మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు చెప్తాను. కోనసీమలో ఏటిగట్టు దగ్గర మీ ఊరు. అమ్మగారి పేరున పెంకుటిల్లు, వెనకాల దొడ్డి, కొబ్బరి చెట్లు. స్థలం గ్రామకంఠం, దస్తావేజు లేదు, పాత ఇంటి పన్ను రసీదులు మాత్రం ఉన్నాయి. సర్వేయర్లు వచ్చి టేపు పెట్టి కొలిచి, గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసి వెళ్ళారు. నది ఒడ్డున రిసార్టు, షాపులు, బోటింగ్ కలిపి టూరిజం ప్రాజెక్టు వస్తుందని, ఒక ప్రైవేటు కంపెనీ కడుతుందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఇలా ఇళ్ళు తీసుకుని కంపెనీకి ఇవ్వొచ్చా, కోర్టుకి వెళ్తే ఆగుతుందా, అమెరికాలో కూడా ఇలాంటి కేసు నడిచిందట కదా అని అడిగారు.

నేను రెవెన్యూలో భూసేకరణ సెక్షన్‌లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇలాంటి కుటుంబాలకి కాగితాలు సర్దిపెడుతుంటాను. ఫైలు రెండు వైపుల నుంచీ చూసినవాడిగా చెప్తున్నాను. ప్రభుత్వం తీసుకోగలదు. కానీ తీసుకునేముందు చట్టం ప్రకారం చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి, అవన్నీ సరిగ్గా చేసిన ఫైలు నేను అరుదుగా చూశాను, మీ బలం అంతా అక్కడే ఉంది. "ఇది ప్రజా ప్రయోజనం కానే కాదు" అన్న ఒక్క వాదన మీద మొత్తం భారం వేసి మిగతావి వదిలేసినవాళ్ళు చాలామంది చివరికి ఇల్లూ పోగొట్టుకున్నారు, రావాల్సిన డబ్బూ పోగొట్టుకున్నారు.

అమెరికా కేసు సంగతి ముందు చెప్తాను, అది తెలిస్తే కోర్టులు ఎలా ఆలోచిస్తాయో అర్థమవుతుంది. కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే చిన్న ఊరు. అక్కడ ఫోర్ట్ ట్రంబుల్ అనే పేట పక్కనే ఫైజర్ మందుల కంపెనీ రీసెర్చ్ సెంటర్ వస్తుంటే, ఆ పేటనంతా తిరగదోడి హోటలు, ఆఫీసులు, కొత్త ఇళ్ళు కట్టిస్తే ఊరికి ఉద్యోగాలు, పన్నులు వస్తాయని నగరపాలకులు అనుకున్నారు. చాలామంది అమ్మేశారు, కొందరు ఒప్పుకోలేదు. వాళ్ళలో అదే ఇంట్లో 1918లో పుట్టి జీవితమంతా అక్కడే గడిపిన ఒక పెద్దావిడ కూడా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళేమీ శిథిలాలు కావు, మురికివాడ కాదు, ఎవరికీ అడ్డం కాదు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 2005 జూన్ 23న కెలో వర్సెస్ సిటీ ఆఫ్ న్యూ లండన్ పేరుతో తీర్పు వచ్చింది, అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. ఊరి ఆర్థికాభివృద్ధి కూడా ప్రజా ప్రయోజనమే, భూమి చివరికి ప్రైవేటు చేతికి వెళ్ళినా ఫర్వాలేదు అని మెజారిటీ చెప్పింది. ఇలా అయితే ఎవరి ఇల్లు తీసినా ఇంకా పెద్దది కట్టేవాడికి ఇవ్వొచ్చు కదా, చివరికి బాగుపడేది పలుకుబడి ఉన్నవాళ్ళే అని జస్టిస్ ఓ'కానర్ గట్టిగా వ్యతిరేకించారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. అనుకున్న హోటలు రాలేదు, ఇళ్ళు రాలేదు. 2009లో ఫైజర్ ఆ ఊరి నుంచి వెళ్ళిపోతున్నట్టు ప్రకటించింది. కూల్చిన స్థలం ఏళ్ళ తరబడి గడ్డి మొలిచి ఖాళీగా పడి ఉంది. ప్రజల్లో ఎంత కోపం వచ్చిందంటే నలభైకి పైగా రాష్ట్రాలు ఇలాంటి సేకరణలకి ఏదో ఒక రకంగా పగ్గాలు వేస్తూ చట్టాలు మార్చుకున్నాయి. అంటే కోర్టులో ఓడిపోయిన విషయం శాసనసభల్లో కొంత గెలిచింది. మీ ఊళ్ళో కూడా ఎమ్మెల్యే, సర్పంచ్, గ్రామసభ అనేవి కోర్టుకన్నా తక్కువ చోటేమీ కాదని నేను అనేది అందుకే.

మన దగ్గర సంగతి. ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయింది, 300ఎ అధికరణ కింద రాజ్యాంగ హక్కుగా మిగిలింది. చాలామంది లాయర్లు కూడా "అది ఇప్పుడు ఉత్త హక్కే" అని తేలిగ్గా తీసేస్తారు, అలా అనకూడదు. 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఒక్క అధికరణలోనే ఏడు హక్కులున్నాయని విడదీసి చెప్పింది: నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం చెప్పాలి, ప్రజా ప్రయోజనం చూపించాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, పని సకాలంలో సవ్యంగా నడిపించాలి, చివరిదాకా పూర్తి చెయ్యాలి. వీటిల్లో ఏది తప్పినా సేకరణే చెల్లదని వాదించడానికి దారి ఉంది. మీ లాయరుకి ఈ తీర్పు గురించి చెప్పండి.

ఇక అసలు చట్టం. 1894 నాటి పాత చట్టం పోయి, 2014 జనవరి 1 నుంచి 2013 భూసేకరణ చట్టం అమల్లో ఉంది. దాంట్లో మీకు బాగా పనికొచ్చే మాట రెండో సెక్షన్‌లో ఉంది. ప్రజా ప్రయోజనాల జాబితాలో టూరిజం ప్రాజెక్టు ఉంది, కాబట్టి టూరిజం అనగానే కొట్టెయ్యలేం. కానీ అదే సెక్షన్‌లో మౌలిక సదుపాయాల గురించి చెప్పేచోట ప్రైవేటు ఆసుపత్రులు, ప్రైవేటు విద్యాసంస్థలు, ప్రైవేటు హోటళ్ళు అందులోకి రావని రాసి ఉంది. మీ ఊళ్ళో రాబోయేది బోటు జెట్టీ, నడక దారి, జనం వచ్చి కూర్చునే తోటా, లేకపోతే గోడ కట్టి టికెట్టు పెట్టే రిసార్టా? ప్లాన్ చేతికి రాకుండా ఈ విషయం తేలదు. అందుకే మొదటి పనిగా కలెక్టరేటుకీ, టూరిజం శాఖకీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ప్రాజెక్టు రిపోర్టు, లేఅవుట్, కంపెనీతో చేసుకున్న ఒప్పందం అడగండి. ఇళ్ళు పోయే స్థలంలో ఏం కడతారో ఆ మ్యాప్‌లో ఉంటుంది. అక్కడ హోటలు గదులు ఉన్నాయని తేలితే మీ అభ్యంతరానికి ప్రాణం వస్తుంది. నది ఒడ్డు, సముద్రం దగ్గర కాబట్టి తీర ప్రాంత నియంత్రణ నిబంధనల అనుమతి ఉందో లేదో కూడా అదే దరఖాస్తులో అడగండి.

ఇంకో విషయం, సమ్మతి. ప్రైవేటు కంపెనీ కోసం అయితే బాధిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం అయితే 70 శాతం ముందుగా ఒప్పుకోవాలి. సామాజిక ప్రభావ అంచనా అని ఊళ్ళో స్టడీ చెయ్యాలి, బహిరంగ విచారణ పెట్టాలి. అయితే మన రాష్ట్రం 2018లో సవరణ చట్టం తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకి ఈ స్టడీ లేకుండా ముందుకెళ్ళే వీలు కల్పించుకుంది. మీ ప్రాజెక్టుని ఆ మినహాయింపు కింద చూపించారా లేదా అన్నది జీవో చూస్తే తెలుస్తుంది, ఎవరో చెప్పిన మాట నమ్మకండి. మినహాయింపు లేకపోతే, స్టడీ జరగకుండా గోడల మీద నంబర్లు వెయ్యడం మొదలుపెట్టారంటే అదే మీ మొదటి అభ్యంతరం. నా వ్యక్తిగత అభిప్రాయం అడిగితే, ఊరి ఇళ్ళు పోయే చోట ఈ స్టడీకి మినహాయింపు ఇవ్వడం చాలా తప్పు. పొలం పోతే డబ్బుతో ఇంకో పొలం కొనుక్కోవచ్చేమో గానీ, పక్కింటివాళ్ళు, రేవు, గుడి, పాలు పోసే ఇల్లు, రాత్రిపూట కాలు జారితే పరుగెత్తుకొచ్చే మనిషి, ఇవన్నీ ఏ పరిహారం పట్టికలోనూ లేవు, వాటి గురించి అధికారులు ఒక్కసారైనా కూర్చుని వినేది ఆ స్టడీలోనే.

ఇప్పుడు గడువుల దగ్గరకి వద్దాం. 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ రెండు పేపర్లలో, పంచాయతీలో, కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దారు ఆఫీసుల్లో రావాలి. అక్కడి నుంచి 60 రోజుల్లో 15వ సెక్షన్ కింద మీరు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాలి. ఈ 60 రోజులు పోతే సగం కేసు పోయినట్టే. ఊళ్ళో అందరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఒకటే అర్జీ ఇస్తుంటారు, అది ధైర్యానికి బాగుంటుంది గానీ ఫైలులో బలం తక్కువ. ప్రతి ఇంటివాళ్ళూ విడిగా, తమ ఇంటి నంబరు, విస్తీర్ణం, ఎంతకాలంగా ఉంటున్నారో, ప్రాజెక్టుకి ఈ స్థలం ఎందుకు అవసరం లేదో, పక్కనే ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమి ఏదైనా ఉంటే దాని సర్వే నంబరుతో సహా రాసివ్వండి. స్వయంగా విచారణకి పిలవమని అందులోనే అడగండి, పిలవడం వాళ్ళ బాధ్యత. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసిన నకలు తీసుకోండి, ముద్ర వెయ్యకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. విచారణ తూతూమంత్రంగా చేసి కారణాలు లేకుండా "అభ్యంతరాలు తిరస్కరించడమైనది" అని ఒక్క లైను రాసి పంపిన ఫైళ్ళు హైకోర్టులో నిలబడకపోవడం నేను చూశాను.

గ్రామకంఠం గురించి మీ టెన్షన్ అర్థమైంది. వీఆర్వో "అది ప్రభుత్వ భూమి, మీకేం రాదు" అన్నాడన్నారు, అది తప్పు. గ్రామకంఠం అంటే తరతరాలుగా ఊరి జనం ఉండటానికి వదిలిన స్థలం, అందులో ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్ళ హక్కుని మన హైకోర్టు చాలాసార్లు గుర్తించింది. మీ ఊళ్ళో డ్రోన్ సర్వే జరిగి స్వామిత్వ అనే కేంద్ర పథకం కింద ప్రాపర్టీ కార్డు వచ్చి ఉంటే అది తీసి పెట్టుకోండి. రాకపోతే పన్ను రసీదులు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటరు జాబితా, పాత పంపకాల కాగితం, ఏది ఉన్నా పనికొస్తుంది. నాన్నగారు పోయాక ఇల్లు రికార్డుల్లో కూడా అమ్మగారి పేరుకి మారిందో లేదో చూసుకోండి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి, ఎందుకంటే అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు, వచ్చిన రోజున ఆడపడుచులు, అన్నదమ్ముల మధ్య గొడవొస్తే డబ్బు డిపాజిట్టులో పడిపోయి ఏళ్ళు పడుతుంది. డీ ఫారం పట్టా, అంటే ప్రభుత్వం పేదలకి కేటాయించిన (అసైన్డ్) భూమి పట్టా, ఉన్న ఇళ్ళవాళ్ళు ఊళ్ళో ఉంటే వాళ్ళకీ చెప్పండి: అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో చెప్పింది. ఏటిగట్టు మీదే, ఇరిగేషన్ స్థలంలో ఇళ్ళు వేసుకున్నవాళ్ళ పరిస్థితి కష్టం, భూమి విలువ రాదు, కానీ కట్టిన ఇంటికీ పునరావాసానికీ వాళ్ళు గట్టిగా అడగాలి, ఊరంతా వాళ్ళని కలుపుకునే అడగాలి.

డబ్బు లెక్క చాలామందికి తెలియదు. భూమి మార్కెట్ విలువ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ, లేదా చుట్టుపక్కల గత మూడేళ్ళ అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, వీటిల్లో ఏది ఎక్కువైతే అది. పల్లెటూళ్ళో దాన్ని ఒకటి నుంచి రెండు మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో గుణిస్తారు. దానికి ఇల్లు, చెట్లు, బావి విలువ కలుపుతారు. మొత్తానికి సమానంగా ఇంకోసారి సొలేషియం అనే ఓదార్పు సొమ్ము ఇస్తారు. ఉదాహరణకి భూమి 10 లక్షలు, గుణకం 1.25 అనుకుంటే 12 లక్షల 50 వేలు, ఇల్లు చెట్లు కలిపి 8 లక్షలు, మొత్తం 20 లక్షల 50 వేలు, సొలేషియంతో 41 లక్షలు. దీనికి తోడు భూమి మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున నిర్ణీత కాలానికి అదనం. చట్టం ప్రకారం ఇచ్చే ఈ పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు.

మన డెల్టాలో ఇక్కడే దెబ్బ తగులుతుంది. స్టాంపు డ్యూటీ మిగులుతుందని అందరం దస్తావేజులో తక్కువ రాయించుకుంటాం, ఆ తక్కువే ఇప్పుడు మన ఇంటి ధర అయి కూర్చుంటుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకెళ్ళి మీ ఊరిలో, ఆనుకుని ఉన్న ఊళ్ళలో నిజంగా ఎక్కువకి జరిగిన అమ్మకాల నకళ్ళు మీరే తీసి అభ్యంతరంతో పాటు జతచెయ్యండి, ఆ పని మీకోసం ఎవరూ చెయ్యరు. ఇంటి విలువ ఇంజినీరు వేస్తాడు, పాత ఇల్లు అని తరుగుదల తీసేస్తే టేకు దూలాలు, మంగళూరు పెంకు, గట్టి సున్నపు గోడలు ఉన్న ఇంటికి కూడా రేకుల షెడ్డు ధర రాస్తారు. కొలతకి వచ్చినప్పుడు పక్కనే ఉండి అరుగు, సావిడి, పంపు, మరుగుదొడ్డి, ప్రహరీ అన్నీ రాయించండి, వీడియో తీసుకోండి, పంచనామాలో చదవకుండా సంతకం పెట్టకండి. కొబ్బరి చెట్లకి కాపు, వయసు చూసి ఒక్కొక్కదానికీ విలువ కట్టాలి. ఉద్యానశాఖ వాళ్ళతో లెక్క వేయించమని రాతపూర్వకంగా అడగండి, కాపు కొచ్చిన చెట్టుని మొక్క కింద రాస్తే అక్కడికక్కడే అభ్యంతరం చెప్పండి.

పరిహారం వేరు, పునరావాసం వేరు, రెండూ రావాలి. ఇల్లు పోయిన కుటుంబానికి కట్టిన ఇల్లు, ఏడాదిపాటు నెలకి 3 వేలు, సామాన్లు తరలించడానికి 50 వేలు, స్థిరపడటానికి ఇంకో 50 వేలు చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నాయి. ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకి 2 వేల చొప్పున ఇరవై ఏళ్ళు, వీటిల్లో ఒకటి. కిరాణా కొట్టు, పశువుల పాక పోతే దానికి విడిగా కనీసం 25 వేలు. యజమానులకే కాదు, ఆ భూమి మీద మూడేళ్ళుగా ప్రధానంగా బతుకుతున్న కౌలుదారు, కూలీ కుటుంబాలకి కూడా ఇందులో హక్కు ఉంది, వాళ్ళ పేర్లు జాబితాలో రాయించడం మరిచిపోవద్దు. ఈ మొత్తాలు 2013లో రాసినవి, ఇప్పటి ధరలకి చాలవని నాకు గట్టి అభిప్రాయం, పెంచమని కూడా అడగాలి. డబ్బు పూర్తిగా చెల్లించకుండా స్వాధీనం తీసుకోకూడదని 38వ సెక్షన్ చెబుతుంది. "ఖాళీ చెయ్యండి, డబ్బు తర్వాత వస్తుంది" అంటే కదలక్కర్లేదు.

ఇంట్లో సగమే పోతుంటే, అంటే ముందు వరండా, ఒక గది పోయి మిగతాది నిలబడేలా గీత గీస్తే, మొత్తం ఇల్లే తీసుకోమని అడిగే హక్కు 94వ సెక్షన్‌లో ఉంది. చీలిన గోడలతో బతకాల్సిన అవసరం లేదు.

ఊళ్ళోకి "స్వచ్ఛందంగా ఇస్తే తొందరగా వస్తుంది, ఎక్కువ వస్తుంది" అంటూ సంతకాలకి వస్తారు. రావచ్చు, నిజంగా ఎక్కువే ఇవ్వొచ్చు కూడా. కానీ ఒప్పంద సంతకం పెడితే తర్వాత రేటు గురించి అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. ధర, పునరావాసం, ఎప్పుడు చెల్లిస్తారు, ఎక్కడ స్థలం ఇస్తారు, ఇవన్నీ కాగితం మీద కలెక్టరు సంతకంతో వచ్చాకే ఆలోచించండి. మధ్యవర్తులు చూపించే తెల్ల కాగితాల మీద అమ్మగారి చేత వేలిముద్ర వేయించకండి. అవార్డు వచ్చాక డబ్బు తీసుకుంటే తప్పకుండా "నిరసనతో తీసుకుంటున్నాను" అని రాసి తీసుకోండి. అలా రాయకపోతే 64వ సెక్షన్ కింద ఎక్కువ పరిహారం కోసం వెళ్ళే హక్కు పోతుంది. ఆ దరఖాస్తుకి అవార్డు రోజు మీరు అక్కడే ఉంటే ఆరు వారాలే గడువు.

పైపులైను కోసం, జాతీయ రహదారి కోసం వచ్చే నోటీసులకి వేరే చట్టాలు ఉంటాయి, ఆ గడువులు ఇంకా తక్కువ, 21 రోజులే. మీ నోటీసు మీద ఏ చట్టం రాసి ఉందో మొదటి లైను చదవండి.

కట్టకపోతే ఏమవుతుంది అని కూడా అడిగారు. స్వాధీనం తీసుకుని అయిదేళ్ళు వాడకపోతే భూమిని పాత యజమానికో, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకో తిరిగి ఇవ్వాలని 101వ సెక్షన్ అంటుంది, ఆ "లేదా" వల్ల చాలాచోట్ల పాత యజమానికి రాదు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో 997 ఎకరాల కార్ల ఫ్యాక్టరీ భూమిని 2016లో సుప్రీంకోర్టు రైతులకి వెనక్కి ఇప్పించింది, కానీ అది పదేళ్ళ పోరాటం. మన పక్కనే కాకినాడ సెజ్‌లో 2,180 ఎకరాలు రైతులకి తిరిగి ఇవ్వాలని 2021లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. పొలాలు ఇలా తిరిగొస్తాయి, కూల్చేసిన ఇల్లు తిరిగిరాదు. అందుకే మీ అభ్యంతరంలో ఈ మాట కూడా రాయమంటాను: కంపెనీ దగ్గర డబ్బు, అనుమతులు సిద్ధంగా ఉన్నాయని రుజువు చూపించేవరకు ఇళ్ళ జోలికి రావద్దు, ముందు ఖాళీ భూమిలో మొదలుపెట్టండి అని. చట్టంలో అలా చెయ్యమని రాసిలేదు, అయినా ఒక మంచి కలెక్టరు చేతిలో పడితే ఇళ్ళని ప్లాన్ నుంచి తప్పించిన సందర్భాలు నేను చూశాను.

ఈ వారంలో చెయ్యాల్సింది: ఇంటి పన్ను ఈ ఏడాదిది కట్టి రసీదు తీసుకోండి, ఇంటి ఫొటోలు తేదీతో తీయండి, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పంచాయతీ నోటీసు బోర్డు రోజూ చూసే మనిషిని ఒకరిని పెట్టుకోండి. 11వ సెక్షన్ నోటిఫికేషన్ వస్తే దాని తేదీ, పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, అభ్యంతరం ఎలా రాయాలో మీ వివరాలతో నమూనా రాసిస్తాను.